అచ్యుత్ గారు కట్టిన పడవ

మా కనాటా ఊరి తెలుగు సంఘంలో ఏం చెడినా దానికి కారణం అచ్యుత్. ఇది ఎవరూ సమావేశం పెట్టి తీర్మానించింది కాదు, అలా అలవాటైపోయింది, అంతే. ఉగాది పచ్చడిలో ఉప్పెక్కువైతే అచ్యుత్. హాల్లో మైకు కీచుమంటే అచ్యుత్. ఒక దీపావళికి విపరీతంగా మంచు కురిసి సగం మంది రాలేకపోతే, ఆ తేదీకి హాలు బుక్ చేసిందెవరని ఆరా తీసి, ఆ మంచును కూడా ఆయన నెత్తినే రుద్దారు. నాకు ఒళ్లు మండిపోయింది. మంచు కురిపించేంత పలుకుబడి ఉన్న మనిషి బ్యాంకులో ఐటీ సపోర్టు ఉద్యోగం ఎందుకు చేస్తాడు, మీరే చెప్పండి.

అలాగని అచ్యుత్ గారు ఏ తప్పూ చేయరని నేననను. మొన్న శ్రీరామనవమికి సీతారాముల విగ్రహాలను పాత శాలువాలో భద్రంగా చుట్టి కారు డిక్కీలో పెట్టారు. తాళం చెవి కూడా అంతే భద్రంగా ఆ పక్కనే పెట్టి డిక్కీ మూసేశారు. ముహూర్తం ముంచుకొచ్చింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ డిక్కీలో ఉన్నారు. చివరికి పురోహితుడు గారు పార్కింగ్ లాట్‌లో ఆ కారు పక్కనే నిలబడి, శీతగాలికి వణుకుతూ కల్యాణం కానిచ్చారు. మేం తలంబ్రాలు కారు మీద చల్లాం. నవ్వలేక నాకు డొక్కలు నొప్పి పుట్టాయి గానీ, సంఘానికి సెక్రటరీ అయిన వంశీధర్ మాత్రం నవ్వలేదు. ఇంకొక్కటి చెడితే ఇక అచ్యుత్ గారిని అన్ని పనుల్లోంచీ తప్పించేద్దామని కమిటీలో అన్నాడు. అందరూ తలలూపారు.

ఆ కమిటీకి అధ్యక్షుడు చక్రధర్. అంటే మా ఆయన. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, మరి మీరేమన్నారని అడిగాను. అందరూ ఒక్క మాట మీదుంటే నేనొక్కణ్ణి ఏమంటానన్నారు. ఆ పూట నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకో తెలియాలంటే మీకు వాళ్లిద్దరి సంగతి కొంత చెప్పాలి.

అచ్యుత్ గారిది చీరాల. మా ఆయనది కర్నూలు. ఇద్దరూ ఒకే ఏడాది, శాశ్వత నివాసానికి ఇచ్చే పీఆర్ మీద ఈ దేశం వచ్చి, బ్రాంప్టన్‌లో ఒక సర్దార్జీ ఇంటి బేస్‌మెంట్‌లో ఒకే గది అద్దెకు తీసుకున్నారు. ఉద్యోగాలు లేవు, బయట చలి, గదిలో పాత టీవీ ఒకటి. అందులో రోజూ మధ్యాహ్నం ఒక పాత కామెడీ వచ్చేదట. పడవ పాడై ఎవరూ లేని దీవిలో చిక్కుకుపోయిన కొంతమంది కథ. ప్రతిసారీ బయటపడే దారి ఏదో ఒకటి దొరుకుతుంది, ప్రతిసారీ వాళ్లలో ఒక అమాయకుడు దాన్ని చెడగొడతాడు, అందరూ కలిసి వాణ్ణి తిడతారు. అందరికంటే ఎక్కువ తిట్టేది ఆ పడవ కెప్టెన్. కానీ వేరే ఎవరైనా వాడి జోలికొస్తే ముందు అడ్డం నిలబడేదీ ఆ కెప్టెనే. వీళ్లిద్దరూ దుప్పట్లు కప్పుకుని అది చూస్తూ ఇంగ్లిష్ నేర్చుకున్నామని చెప్పేవారు. నన్నడిగితే ఇంగ్లిష్ కన్నా ఆ తిట్టడమే బాగా వంటబట్టింది. మా ఆయన కెప్టెన్, అచ్యుత్ గారు ఆ అమాయకుడు. అన్నం మాడితే, “ఒరేయ్, తిడితే నేనే తిడతాన్రా నిన్ను, ఇంకొకడు తిడితే ఊరుకోను” అనేవారట మా ఆయన.

అది వట్టి మాట కాదు, నిలబెట్టుకున్నారు కూడా. ఇద్దరూ తర్వాత కనాటాలో ఒకే టెలికాం కంపెనీలో చేరారు. మా ఆయన టీమ్ లీడ్, అచ్యుత్ గారు టెస్టింగ్‌లో. ఒకసారి కస్టమర్ దగ్గర సిస్టమ్ పడిపోయి, ఎవరో ఒకరిని బలివ్వాలని మేనేజరు చూస్తుంటే అందరి వేళ్లూ అచ్యుత్ గారి వైపు తిరిగాయి. మా ఆయన నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి, అతన్ని తీసేస్తే నన్నూ తీసేయమన్నారు. అప్పుడు మా అబ్బాయి కిరీటి నా కడుపులో ఉన్నాడు. భయం వేసింది, కానీ నా మొగుడు మగాడని గర్వపడ్డాను కూడా. మేనేజరు వెనక్కి తగ్గాడు. టెలికాం కుప్పకూలిన ఏడాది ఇద్దర్నీ ఒకేసారి పంపేశారనుకోండి, అది వేరే విషయం.

ఆ తర్వాత మా ఆయన గవర్నమెంటు కాంట్రాక్టుల్లో పైకొచ్చారు. సంఘానికి అధ్యక్షుడయ్యారు. శాలువాలు, పూలదండలు, స్టేజీ మీద ముందు కుర్చీ. నలుగురిలో ఉన్నప్పుడు బాగుండదని అచ్యుత్ గారే “చక్రధర్ గారూ” అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు మా ఇంట్లో, మా వంటింట్లో కాఫీ తాగుతూ కూడా గారు అనేవారు. ఇదేం విడ్డూరం, మానమని చెప్పండి అని నేను పోరాను. మా ఆయన చెప్పలేదు. చెప్పాలని తోచలేదో, గారు వినడం బాగుందో, ఆ దేవుడికే తెలియాలి.

అచ్యుత్ గారి భార్య విద్య నాలుగేళ్ల క్రితం పోయింది. పిల్లల్లేరు. అప్పట్నుంచీ ఆయనకున్నది మా సంఘమే. ఎవరింటి ముందు మంచు పేరుకున్నా పార పట్టుకుని ఆయనే వస్తారు. ఎవరి కారు బ్యాటరీ చచ్చినా వైర్లు పట్టుకుని ఆయనే. నాకు ఆపరేషన్ అయినప్పుడు రోజూ ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకొచ్చి, గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి వెళ్లిపోయేవారు. ఇంత చేస్తే ఆ చారులో చింతపండు ఎక్కువైందని మా ఆయనొకసారి అన్నారు. చెంచా విసరాలనిపించింది నాకు.

మా వనభోజనాలకు మూలం కూడా విద్యే. కార్తీకంలో చేసుకోవలసిన వనభోజనాలు మేం ఆగస్టులో చేసుకుంటాం. కార్తీకం వచ్చేసరికి ఇక్కడ చెట్టుకు ఆకుండదు, కూర్చోవడానికి నేలుండదు. దేవుడు అర్థం చేసుకుంటాడని మా అందరికీ పెద్ద దిక్కయిన రిటైర్డ్ డాక్టరు మీనాక్షి గారు ఏనాడో తీర్పిచ్చేశారు. కానీ ఉసిరిచెట్టు కింద తినాలి కదా, ఈ దేశంలో అదెక్కడిది? విద్య బ్రాంప్టన్ కొట్లో కొన్న ఉసిరికాయల గింజలు నానబెట్టి, దూదిలో పెట్టి, ఒకదాన్ని మొలకెత్తించింది. అది ఇప్పుడు నడుమెత్తు మొక్క. చలికాలమంతా అచ్యుత్ గారి హాల్లో కిటికీ పక్కన, తల మీద బల్బు వెలుగుతో ఉంటుంది. ఆగస్టులో కుండీతో సహా వనభోజనాలకు వస్తుంది. దాని నీడ ఒక పళ్లెం మీద కూడా పడదు. అయినా దాన్ని మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చుని తింటాం. ఆ కుండీని మోసేది అచ్యుత్ గారే, ఇంకెవరినీ ముట్టుకోనివ్వరు.

ఈసారి వనభోజనాలు దీవిలో పెట్టుకుందామన్న ఆలోచన మా ఆయనదే. కనాటా నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే ఒక పెద్ద చెరువుంది, అందులో చిన్న చిన్న దీవులు. మా కుటుంబం, వంశీధర్, అతని భార్య మృదుల, మీనాక్షి గారు, అచ్యుత్ గారు, ఇంకో రెండు జంటలు. అందరికీ కలిపి ఒక పెద్ద బల్లపరుపు పడవ అద్దెకు తీసుకున్నాం. చుట్టూ సోఫాలు, మీద గుడ్డ కప్పు, వెనక మోటారు. నడపడానికి మా కిరీటికి లైసెన్సుంది. మా ఆయన డాలర్ స్టోర్‌లో కొన్న తెల్ల కెప్టెన్ టోపీ పెట్టుకుని, ఒడ్డున అందర్నీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పారు. లైఫ్ జాకెట్లు వేసుకోవాలి, పడవలో నిలబడకూడదు, అధ్యక్షుడి మాట వినాలి. పడవ కట్టే పని అచ్యుత్ గారికిచ్చారు. వంశీధర్ నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. నేను చూడనట్టు మొహం తిప్పుకున్నాను.

దీవి చేరాక పడవ ముక్కు ఇసుకలోకి ఎక్కించి, నారింజరంగు పొడుగాటి తాడుతో అచ్యుత్ గారు దాన్ని ఒక చెట్టుకు కట్టారు. మూడు చుట్లు చుట్టి, ముడేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూశారు. భోజనాలు పడవలోనే ఉంచాం. కిందటిసారి పార్కులో బాతులు గుంపుగా వచ్చి గారెలన్నీ తినేశాయి. ఈ దేశపు బాతులకు మనుషులంటే భయం లేదు, మర్యాద అసలే లేదు. అందుకని ముందు పూజ, తర్వాత ఆటలు, ఆకలేశాకే గిన్నెలు దించాలని నిర్ణయం.

పూజయ్యింది. ఆటల్లో మొదటిది ఎప్పుడూ ఆడవాళ్లకీ మగవాళ్లకీ తాడు లాగుడు పోటీ. తాడు తేవలసిన బాధ్యత వంశీధర్‌ది. తాడు వాళ్ల గరాజ్‌లో ఉండిపోయింది. అది అచ్యుత్ గారు మరిచిపోయి ఉంటే ఏమనేవారో నేను చెప్పనక్కర్లేదు. వంశీధర్ మరిచిపోయాడు కాబట్టి, పని ఒత్తిడి, పాపం అన్నారు. తాడు నేను తెస్తానని మా ఆయన పొదల వెనక్కి వెళ్లి, కాసేపటికి తాడుతో వచ్చారు. సంచిలో ఇంకొకటి ఉందేమోననుకున్నాం. అచ్యుత్ గారు అటువైపు పడవ దగ్గరే ఉన్నారు. ఆడవాళ్ల వైపు ఒకరు తక్కువయ్యారని మృదుల ఆయన్ని పిలిచింది. ఆయన రానన్నారు. ఆట కూడా చెడగొడతారా అని వంశీధర్ విసుక్కుంటే, పడవ వైపు వెనక్కి చూసుకుంటూనే వచ్చి మా చివర తాడు పట్టుకున్నారు. మేమే గెలిచాం. మగవాళ్లంతా బోర్లాపడ్డారు. మీనాక్షి గారు కుర్చీలోంచి చప్పట్లు కొట్టారు. ఆ కేకల మధ్య పెద్ద మోటారు బోటు ఒకటి దీవి పక్కనుంచి దూసుకుపోయిన చప్పుడు వినబడింది గానీ, ఎవరూ పట్టించుకోలేదు.

ఆకలేసి గిన్నెల కోసం వెళ్లిన మృదుల అక్కడే నిలబడిపోయి, పడవేదని అడిగింది. పరుగెత్తాం. పడవ లేదు. ఎదురొడ్డున, మాకు బాగా కనిపించేంత దూరంలో, తుంగల్లో చిక్కుకుని నిలబడి ఉంది. పులిహోర గిన్నె మూత ఎండకు మెరుస్తోంది. ఏ బాతుల భయానికి భోజనాలు పడవలో దాచామో ఆ బాతులే ఒక్కొక్కటిగా పడవెక్కుతున్నాయి. మేం ఇక్కణ్ణుంచి అరిచాం, చేతులూపాం. ఒక బాతు మా వైపు చూసి, మళ్లీ గారెల డబ్బా వైపు తిరిగింది.

ఇక చూడండి. పడవ కట్టిందెవరన్న ప్రశ్న రానే వచ్చింది. జవాబు అందరికీ తెలుసు. తలా ఒక మాటన్నారు. ఒక ముడి కూడా సరిగ్గా వేయలేరా అని ఒకరు, ముసలావిడ ఆకలికి ఆగగలదా అని ఇంకొకరు. మీనాక్షి గారేమో నా ఆకలి సంగతి నేను చూసుకుంటాను, మీరు అరవడం ఆపితే నాకు కాస్త హాయిగా ఉంటుందన్నారు. ఎవరూ వినలేదు. కిరీటి ఒక బండ ఎక్కి, చెయ్యి పైకెత్తి సిగ్నల్ పట్టుకుని పడవల ఓనరుకు ఫోన్ చేశాడు. ఆయన చెరువుకు ఆ కొసనున్నాడట, రెండు మూడు గంటలు పడుతుందన్నాడు. ప్రమాదమేమీ లేదు, ఆకలీ చిరాకూ తప్ప.

అందరికంటే గట్టిగా అరిచింది మా ఆయన. ఏమయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి, ఒక్క పని, ఒక్కటంటే ఒక్క పని అప్పగించాం కదా అని, టోపీ తీసి చేత్తో ఊపుతూ అరిచారు. అచ్యుత్ గారు ఆయన మొహంలోకి ఒక్కసారి చూశారు. తర్వాత తల దించుకుని, “నేనే కట్టానండీ” అన్నారు.

అక్కడే నాకు అనుమానమొచ్చింది. మా ఆయన గొంతు అంతగా లేచిందంటే తప్పు ఆయనదేనని ఇన్నేళ్ల కాపురంలో నాకు బాగా తెలుసు. కిందటేడు గరాజ్ తలుపుకు కారు గుద్దినప్పుడు కూడా ఇలాగే, తలుపు బిగించినవాణ్ణి తిడుతూ గంటసేపు అరిచారు. నా అరచేతులు చూసుకున్నాను. తాడు లాగినచోట నారింజరంగు పీచు అంటుకుని ఉంది. తాడు తడిగా, నీచువాసనతో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. సంచిలోంచి తీసిన తాడుకు తడెక్కడిది? చుట్టూ చూశాను. తాడు కనబడలేదు. చివరికి కనబడింది. మా ఆయన దాన్ని చుట్టగా చుట్టి దాని మీద కూర్చుని ఉన్నారు. పక్కన మడతకుర్చీ ఖాళీగా ఉంది. చక్కటి నున్నటి బండ కూడా ఉంది. ఆయన మాత్రం తాడు మీదే కూర్చున్నారు, టోపీ సరిచేసుకుంటూ.

నాకు తల కొట్టేసినట్టయింది. అచ్యుత్ గారు నీటి ఒడ్డున కుండీ దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. మా ఆయన తాడు విప్పుతుంటే మీరు చూశారు కదా అని అడిగాను. చూశానన్నారు. వద్దని చెప్పారట కూడా. ఇసుకలో కూరుకుపోయింది, ఏనుగు తోసినా కదలదు అన్నారట మా ఆయన. అందుకే అచ్యుత్ గారు పడవ దగ్గర కాపలా నిలబడ్డారు. మేం పిలిచి తాడు పట్టించాం. ఆ మోటారు బోటు లేపిన అలలు పడవను లాక్కుపోయాయి.

“నేను ఇప్పుడే అందరికీ చెప్పేస్తాను, అన్నయ్య గారూ,” అన్నాను.

“వద్దమ్మా. నన్ను తిట్టడం వాళ్లకి అలవాటే. ఆయన్ని తిట్టడం మొదలుపెడితే, పడవొచ్చేదాకా ఇక్కడ ఎవరు ఎవరి మాట వింటారు?”

“ఈ ఒక్కదానితో మిమ్మల్ని తీసేస్తారు. తెలుసా మీకు?”

“తెలుసు.” మొక్క ఆకుల మీద ఇసుక దులిపారు. “మీరు చెబితే నా మీద మాట పోతుందమ్మా. కానీ ఆయన నాకు మిగలరు. చెప్పాల్సింది ఆయనే.”

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఈయన మీదా ఆయన మీదా. లేచి మా ఆయన ముందుకెళ్లి నిలబడి, ఏమీ అనకుండా, ఆయన కూర్చున్న తాడు వైపు చూశాను. ఆయన నా మొహం చూసి చెరువు వైపు తిరిగారు. తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది. అయినా లేవలేదు. నోరు నొక్కుకుని వచ్చి మీనాక్షి గారి పక్కన కూర్చున్నాను. అన్నయ్య గారు వద్దన్నారు కాబట్టి ఆగాను గానీ, లేకపోతే ఆ రోజు ఆ దీవిలో ఇంకో రెండు ముక్కలు గట్టిగానే వినబడి ఉండేవి.

ఆకలి పెరిగేకొద్దీ అందరికీ కోపమూ పెరిగింది. ఎదురుగా బాతులు పడవ సోఫాల మీద పడుకుని కునుకు తీస్తున్నాయి. అది చూసి వంశీధర్ ఓర్చుకోలేకపోయాడు. లేచి మధ్యలోకొచ్చాడు.

“ఇగ చాలన్నా. అందరం ఇక్కడే ఉన్నం కదా, చేతులెత్తి తేల్చేద్దాం. వచ్చే ఏడాది నుంచి అచ్యుత్ గారికి ఏ పనీ వద్దు. ఆ ఉసిరిచెట్టు కూడా మా ఇంట్ల పెట్టుకుంటం, మృదుల చూసుకుంటది.”

చెట్టు సంగతి అనకుండా ఉండాల్సిందని మృదుల మొహంలో కనిపించింది. అచ్యుత్ గారు కుండీ అంచు మీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నారు. వాదిస్తారేమో, ఒక్కసారైనా కోప్పడతారేమోనని చూశాను. ఆయన మృదుల వైపు తిరిగి, “రోజూ నీళ్లు పొయ్యకమ్మా. మట్టి ఎండిందాకా ఆగి పొయ్యాలి. విద్య అలాగే పోసేది,” అన్నారు.

ఒక చెయ్యి లేచింది. ఇంకొకటి లేచింది. వంశీధర్‌ది ముందే లేచి ఉంది. మీనాక్షి గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. కిరీటి తల అడ్డంగా ఊపాడు. లెక్కపెట్టవలసింది అధ్యక్షుడు కాబట్టి అందరూ మా ఆయన వైపు చూశారు.

మా ఆయన లేచారు. లేవాలంటే తాడు మీద నుంచి లేవాలి కదా. లేచి, టోపీ తీసి ఆ బండ మీద పెట్టి, వంగి ఆ తాడు చుట్ట చేతిలోకి తీసుకున్నారు. అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నారు.

“పడవ తాడిది. విప్పింది నేను. అచ్యుత్ వద్దని చెప్పినాడు, నేను ఇన్లేదు.”

కర్నూలు భాష ఆయన నోట విని ఎన్నేళ్లయిందో. ఆ క్షణం నాకు ఎంత నిమ్మళించిందంటే, ఊపిరి బిగబట్టి ఉన్నానని అది వదిలాకే తెలిసింది. నా మొగుడు తిరిగొచ్చాడనిపించింది.

లేచిన చేతులు దిగిపోయాయి. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా ఆయన మీద పడ్డారు. ఇంతసేపూ నోరెత్తకుండా కూర్చున్నారా అని మృదుల. పైగా ఆయన్నే తిట్టారు కదన్నా అని వంశీధర్, తను తిట్టింది మరిచిపోయి. “డాడ్, సీరియస్లీ?” అని కిరీటి. అధ్యక్ష పదవికి రాజీనామా చేయాలని వెనకనుంచి ఎవరో అన్నారు. చేస్తానన్నారు మా ఆయన. తల దించుకుని, తాడు పట్టుకుని, ఎవరేమన్నా పడుతున్నారు. ఎందుకు చెప్పలేదంటే, మొదట అరిచేశాక ఇక చెప్పడానికి నోరు రాలేదని గొణిగారు. పడాలి, పడనీ అనుకుని నేనూ కలగజేసుకోలేదు.

“ఆగండి.”

ఆ గొంతు ఎవరిదో మాకు ముందు అర్థం కాలేదు. అంత గట్టిగా ఆయన మాట్లాడగా మేమెవరం ఎప్పుడూ వినలేదు మరి. అచ్యుత్ గారు లేచి, మా ఆయనకూ మాకూ మధ్యలో వచ్చి నిలబడ్డారు.

“ఇతన్ని తిట్టాలంటే నేను తిట్టాలి. మీకెవరికీ లేదు ఆ హక్కు. రాజీనామా లేదు, ఏమీ లేదు. కూర్చోండి.”

కూర్చున్నాం. నిజంగానే, వంశీధర్‌తో సహా. అచ్యుత్ గారు వెనక్కి తిరిగారు.

“ఒరేయ్ చక్రీ, బుద్ధుందట్రా నీకు? పడవ తాడుతో ఎవడైనా ఆటలాడతాడట్రా?”

ఇక మొదలుపెట్టారు. తాడుతో మొదలై టోపీ దాకా వచ్చింది. ఆ టోపీ పెట్టుకున్నంత మాత్రాన కెప్టెన్‌వి అయిపోతావా అన్నారు. మంచు కురిస్తే నా తప్పన్నప్పుడు పక్కనే కూర్చుని నవ్వావు కదరా అన్నారు. విద్య పోయినప్పుడు పదకొండు రోజులూ నా ఇంట్లోనే పడుకున్నవాడివి, ఆ మనిషి ఎక్కడికి పోయాడురా అన్నారు. నా చారులో చింతపండు ఎక్కువైందంటావా, తిను, ఇకమీదట చచ్చినట్టు తిను అన్నారు. ఆ చారు మాట నేనే ఎప్పుడో ఆయన చెవిన వేసినట్టున్నాను. మా ఆయన ప్రతిదానికీ, “తప్పేరా, తప్పేరా” అంటూ నిలబడ్డారు. కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వుతున్నారు కూడా. చివరికి తిట్లు అయిపోయాయో, ఊపిరి అయిపోయిందో, అచ్యుత్ గారు ఆగి, దాహమేస్తోందన్నారు. వంశీధర్ పరుగెత్తి నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. ఇచ్చి, సారీ అన్నా, చెట్టు మాట అనకుండా ఉండాల్సింది అన్నాడు. సెక్రటరీ అన్నాక చెట్టు అడగడం తప్పు కాదులే, ఇవ్వడం నా వల్ల కాదు అన్నారు అచ్యుత్ గారు. అందరం నవ్వాం. అంతసేపూ బిగదీసుకున్న మొహాలు అప్పటికి సడలాయి.

ఎండ కాస్త తగ్గాక పడవల ఓనరు తన బోటులో వచ్చాడు. మా పడవను వెనక కట్టుకుని లాక్కొచ్చాడు. బాతులు ఆఖరి నిమిషం దాకా దిగలేదు. గారెలు పోయాయి. పెరుగన్నం పోయింది. మూత బిగువుగా ఉండబట్టి పులిహోర దక్కింది, ఊరగాయ సీసా దక్కింది. ఓనరు విసిరిన తాడు అందుకోవడానికి వంశీధర్ ముందుకెళ్లి, నేను కడతానన్నాడు. మా ఆయన అతని భుజం పట్టుకుని ఆపారు.

“నువ్వుండు. పడవ కట్టేది వాడే.”

అచ్యుత్ గారు కట్టారు. మూడు చుట్లు చుట్టి, ముడేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూశారు. తర్వాత మా ఆయన ఆ కుండీకి ఒకవైపు చెయ్యి వేశారు. నేను కంగారుపడ్డాను, ఇప్పుడు అరుస్తారేమోనని. అచ్యుత్ గారు అరవలేదు, రెండోవైపు పట్టుకున్నారు. ఇద్దరూ దాన్ని మధ్యలోకి మోసుకొచ్చి పెట్టారు. చుట్టూ కూర్చుని తలా రెండు గరిటెల పులిహోర తిన్నాం. అంత రుచిగా ఎప్పుడూ తినలేదని మీనాక్షి గారన్నారు. ఉప్పు కాస్త ఎక్కువైందని ఎవరో అనబోయి, మా ఆయన మొహం చూసి మానుకున్నారు. ఆ పులిహోర నేను చేసిందే.

తిరుగుప్రయాణంలో కిరీటి కారు నడిపాడు. అచ్యుత్ గారి కారు మా ముందే వెళుతోంది. వెనక అద్దంలోంచి ఉసిరిమొక్క కొస ఊగుతూ కనబడుతోంది. మా ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. నేను కూడా ఏమీ అనలేదు. తిట్టాల్సినవన్నీ తిట్టాల్సినవాళ్లు తిట్టేశారు కదా. కనాటా దగ్గర పడ్డాక నా వైపు తిరిగారు.

“వాసవీ, విన్నావా? వాడు నన్ను ఒరేయ్ అన్నాడు.”

విన్నానన్నాను. ఇల్లు చేరేలోపు ఇంకో రెండుసార్లు అదే అడిగారు.